జీతం లేని వీరుల ఆట

హర్లింగ్ మొదటిసారి చూసేవారికి బంతి ఎటు పోయిందో కూడా అందదు. ఐర్లండ్‌లో పురాణగాథల కాలం నుంచీ చెప్పుకునే ఆట ఇది. జట్టుకు పదిహేను మంది. ప్రతి ఒక్కరి చేతిలో కొస వెడల్పుగా ఉండే హర్లీ కర్ర. బంతి పేరు స్లిటర్; లోపల కార్క్, పైన తోలు. గోల్ స్తంభాల మధ్య అడ్డుకమ్మీ మీదుగా బంతిని పంపితే 1 పాయింటు, కింద నుంచి వలలోకి కొడితే 3.

నేల మీది బంతిని చేత్తో తీయకూడదన్న నియమంలోనే ఈ ఆట నేర్పంతా ఉంది. పరుగు ఆపకుండా కర్రను బంతి కిందికి పోనిచ్చి, పైకి లేపి, చేతికి అందుకోవాలి. చేతిలో ఉంచుకుని నాలుగడుగులకు మించి వేయకూడదు. ఇంకా ముందుకు పోవాలంటే బంతిని కర్ర కొస మీద నిలుపుకుంటూ పరిగెత్తాలి. అడ్డుకునేవాడి విద్య వేరు: ప్రత్యర్థి కర్ర ఎత్తగానే వెనక నుంచి తన కర్ర చాచి ఆ దెబ్బను ఆపేస్తాడు. దాన్ని హుకింగ్ అంటారు. ఎదురుగా వచ్చి ఆపాలంటే మాత్రం, దెబ్బ ఊపందుకోకముందే దగ్గరికి చొచ్చుకుపోయే ధైర్యం కావాలి. 2010 నుంచి ఆటగాళ్లందరికీ హెల్మెట్ తప్పనిసరి.

కర్రను యాష్ చెట్టు మొదట్లో, మాను వేళ్లలోకి వంపు తిరిగే చోట కోస్తారు. కలపలోని నారలు ఆ వంపు వెంటే సాగుతాయి కాబట్టి కొసకు బలం వస్తుంది. ఆ చెట్లకు సోకిన శిలీంధ్ర తెగులు 2012లో ఐర్లండ్‌లో బయటపడింది. అప్పటి నుంచి కలప కొరత పెరిగి, వెదురు కర్రలు కూడా వాడుకలోకి వచ్చాయి.

బ్రిటిష్ పాలనలో సొంత ఆటలు కనుమరుగవుతున్నాయన్న వేదనతో మైకేల్ క్యూసాక్ తదితరులు 1884 నవంబరు 1న థర్ల్స్ పట్టణంలో గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్‌ను స్థాపించారు. 1920 నవంబరు 21న డబ్లిన్‌లో ఈ సంఘం మైదానమైన క్రోక్ పార్క్‌లో, అది నడిపే మరో ఆట గేలిక్ ఫుట్‌బాల్ జరుగుతుండగా బ్రిటిష్ బలగాలు కాల్పులు జరిపాయి. 14 మంది చనిపోయారు. వారిలో టిప్పరేరీ ఆటగాడు మైకేల్ హోగన్ ఒకరు. అక్కడి ఒక స్టాండుకు నేటికీ ఆయన పేరే.

ఈ సంఘం ఊరి చర్చి పరిధినే క్లబ్బుకు పునాదిగా తీసుకుంది. ఆ క్లబ్బుల్లో మెరిసినవారే కౌంటీ జట్టుకు ఎదుగుతారు. 82,300 మంది పట్టే క్రోక్ పార్క్‌లో ఫైనల్ ఆడినవారికి కూడా ఆట జీతం ఇవ్వదు. వాళ్లు మర్నాడు బడిలో పాఠాలు చెప్పాలి, పొలం చూసుకోవాలి. పిల్లలకు కర్ర పట్టడం నేర్పేది, మైదానంలో గడ్డి కోసేది, చందాలు పోగుచేసేది ఊరివాళ్లే. కామోగీ పేరుతో స్త్రీలు ఇదే ఆట ఆడుతున్నారు. వారి సంఘం 1904 నాటిది.

2018లో యునెస్కో హర్లింగ్‌ను, కామోగీని మానవజాతి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. వేలంలో ఆటగాళ్లను కొనే ఈ రోజుల్లో, ఊరి మీది మమకారమే పెట్టుబడిగా అత్యున్నత స్థాయి ఆటను నిలబెట్టవచ్చని హర్లింగ్ చూపిస్తోంది. సొంత ఆటలను కాపాడుకోవాలనుకునే ఏ సమాజమైనా ముందు నేర్చుకోవలసింది ఇదే.