పదవి దిగినవాడి సాక్ష్యం: అలహాబాదు మునిసిపాలిటీ గురించి నెహ్రూ

మన విమర్శకులు స్వీయచరిత్రలు చదివేటప్పుడు జైలు ఘట్టాల దగ్గరా, మహాసభల దగ్గరా ఆగినంతసేపు మునిసిపల్ ఆఫీసు దగ్గర ఆగరు. కుళాయిలూ, మురుగుకాలవలూ, వీధిదీపాలూ సాహిత్యచర్చకు తగని వస్తువులనే చిన్నచూపు మనలో ఇంకా పోలేదు. కాని సామాన్యుడికి రాజ్యం మొదట ఎదురయ్యేది తన వీధి కాలవ దగ్గరే. అందుచేత ఒక ఊరి పాలనను నెత్తికెత్తుకుని, కొన్నాళ్లు మోసి, దించుకుని బయటికి వచ్చినవాడు రాసిన పుటలను మనం శ్రద్ధగా పరిశీలించాలి. జవహర్‌లాల్ నెహ్రూ ఆత్మకథలో అటువంటి పుటలు కొన్ని ఉన్నాయి.

నెహ్రూ 1923లో అలహాబాదు మునిసిపాలిటీ అధ్యక్షుడయ్యాడు. రెండేళ్ల తర్వాత ఆ పదవి వదులుకున్నాడు. దాదాపు ఆ రోజుల్లోనే, 1924లో, కలకత్తాలో చిత్తరంజన్ దాస్, అహమ్మదాబాదులో వల్లభ్‌భాయి పటేల్ పురపాలక పీఠాలెక్కారు. ఆ తరం కాంగ్రెసు నాయకులకు పరిపాలన అంటే ఏమిటో చేతికి తగిలిన తొలి సందర్భాలివి. అయితే నెహ్రూ తన అనుభవాన్ని వెంటనే రాయలేదు. 1934-35లలో జైల్లో కూర్చుని రాశాడు. పుస్తకం 1936లో వెలువడింది. ఈ పదేళ్ల ఎడం రచనకు మేలే చేసింది. పదవి దిగిన మర్నాడే కలం పట్టేవాళ్లు సాధారణంగా తాము చేసిన పనుల పట్టిక చదువుతారు, లేదా తమను పని చెయ్యనివ్వనివాళ్ల మీద చాడీలు చెబుతారు. నెహ్రూ ఈ రెండూ దాటి వెళ్లాడు.

ఆయన చెప్పినదాని సారం ఇది. మొదట్లో ఉత్సాహంగా పనిలోకి దిగాడు. కొంతకాలానికే యంత్రం బిగింపు తెలిసివచ్చింది. మునిసిపాలిటీ ఏం చెయ్యవచ్చో, ఏం చెయ్యకూడదో గీతలు గీసింది వలస ప్రభుత్వం. ఆ గీతల లోపల తిరగమని చెప్పి, తిరగలేకపోయినప్పుడు భారతీయులకు ప్రజాస్వామ్యం పట్టదని పాఠం చెప్పేదీ ఆ ప్రభుత్వమే.

ఇంతవరకు అయితే ఇది ఏ జాతీయవాది అయినా చెయ్యగల ఫిర్యాదే. నెహ్రూ ఇంకొక మెట్టు దిగి ఊరి పటాన్ని విప్పుతాడు. ఒకవైపు కిక్కిరిసిన పాత ఊరు. మరొకవైపు విశాలమైన ఆవరణల మధ్య బంగళాలున్న సివిల్ లైన్స్. మునిసిపాలిటీకి ఎక్కువ ఆదాయం పాత ఊరినుంచి వస్తుంది, ఎక్కువ ఖర్చు సివిల్ లైన్స్ మీద అవుతుంది. బంగళాలు దూరదూరంగా ఉంటాయి కనక రోడ్లూ, దీపాలూ, నీటిగొట్టాలూ అంత దూరమూ సాగాలి. పేదల సందులు చీకట్లోనే ఉండిపోతాయి. భూమి విలువను బట్టి పన్ను వేద్దామంటే చట్టం ఒప్పదని జిల్లా అధికారి అడ్డు చెబుతాడు. సరుకు ఊళ్లోకి వచ్చేటప్పుడు వసూలుచేసే ఆక్ట్రాయ్ మీద మాత్రం ఎవరికీ అభ్యంతరం లేదు. ఆ సుంకం తిండిగింజల ధరలో కలిసి కూలివాడి సంచిలోకి చేరుతుంది.

నేను బళ్లో పాఠాలు చెప్పే మనిషిని. పురపాలక సంఘం విధులేమిటని అడిగితే పిల్లలు వరసపెట్టి అప్పగిస్తారు. ఆ విధులకు డబ్బు ఎవరిస్తారు, ఫలం ఎవరికి ముడుతుంది అన్న ప్రశ్న పాఠంలో ఉండదు. నెహ్రూ పుటల విలువ ఆ ప్రశ్న వెయ్యడంలోనే ఉంది. పైగా ఈ ప్రశ్న వేసినవాడు ఆనందభవన్‌లో పెరిగినవాడు. ఆ భూమిపన్ను అమలయితే మొదట తగిలేది అటువంటి ఇళ్లవాళ్లకే. రచయిత తన వర్గప్రయోజనానికి ఎదురుగా సాక్ష్యం చెప్పడం అరుదు. అందుకు ఆయనను మెచ్చుకోక తప్పదు.

శిల్పం మాటకొస్తే ఈ పుటల్లో కథ లేదు. టంగుటూరి ప్రకాశం కూడా రాజమహేంద్రవరం మునిసిపల్ చైర్మన్‌గా పనిచేసి, ఆ రోజులను ‘నా జీవితయాత్ర’లో చెప్పుకున్నాడు. అక్కడ మనుషులు, పంతాలు, పోటీలు కనిపిస్తాయి. నెహ్రూ దగ్గర మనుషులు వెనక్కి తప్పుకుని కారణాలు ముందుకొస్తాయి. ఇది బలమే గాని, లోపానికి దారి కూడా ఇదే.

ఆ ఊరిని తెల్లవారేసరికి ఊడ్చిన చేతులు ఎవరివి? పేరూ మాటా ఉన్న మనిషిగా పారిశుధ్య కార్మికుడు ఈ పుటల్లో మనకు ఎదురుపడడు. అదే మునిసిపాలిటీని కింద నుంచి చూస్తే ఎలా ఉంటుందో తెలియాలంటే తకళి శివశంకర పిళ్లై 1947లో మలయాళంలో రాసిన ‘తోట్టియుడె మకన్’ చదవాలి. అలప్పుళలో పాకీపని చేసే కుటుంబం మూడు తరాల కథ అది. రెండో తరంవాడు చూడలముత్తు తన కొడుకు ఆ పనిలోకి రాకూడదని కూడబెట్టిన డబ్బును మునిసిపల్ అధ్యక్షుడి దగ్గరే దాచుకుంటాడు. అధ్యక్షుడి మెప్పుకోసం తోటివాళ్ల సంఘానికి ద్రోహం చేస్తాడు. నెహ్రూకు యంత్రంగా కనిపించినది ఇక్కడ యజమానిగా కనిపిస్తుంది. ఈ రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుంటే తప్ప ఊరి పాలన పూర్తిగా అర్థం కాదు.

మరొక విషయం. జబ్బును ఇంత స్పష్టంగా గుర్తించినవాడు 1947 నుంచి 1964 దాకా ప్రధానమంత్రిగా ఉన్నాడు. 1959 అక్టోబరు 2న నాగౌర్‌లో పంచాయతీరాజ్‌ను ఆయనే ప్రారంభించాడు. పట్టణాల సంగతి అలా జరగలేదు. పురపాలక సంఘాలకు రాజ్యాంగంలో ప్రత్యేక స్థానం 1992 నాటి 74వ సవరణ వల్ల, అది అమలులోకి వచ్చిన 1993లో గాని దక్కలేదు. ఆ సవరణ పన్నెండో షెడ్యూలులో 18 అంశాలు చేర్చింది. అయితే వాటిని అప్పగించడం రాష్ట్రాల ఇష్టానికే వదిలింది. ఆక్ట్రాయ్ 2017లో జి.ఎస్.టి.లో కలిసిపోయింది. ఊరి పేరు 2018లో ప్రయాగరాజ్ అయింది. ఎవరు చెల్లిస్తున్నారు, ఎవరు అనుభవిస్తున్నారు అన్న లెక్క ఇప్పటికీ ప్రతి పట్టణంలోనూ విడిగా వేసుకోవలసే ఉంది. 1936లో పుస్తకం చెప్పిన సత్యం, దాన్ని రాసినవాడి చేతికి అధికారం వచ్చినంత మాత్రాన అమలు కాలేదు. దీన్ని ఒక వ్యక్తి నిజాయితీకి సంబంధించిన ప్రశ్నగా కుదించడం సరికాదు. బంగళాల పక్షాన నిలిచే శక్తి జిల్లా అధికారి ఒక్కడితోనే పోయేది కాదు.

నేటి యువ రచయితలకు నా సూచన ఒక్కటే. కౌన్సిలర్లు, చైర్మన్లు రాసే అనుభవాలు చేతికి వస్తే త్యాగాలను లెక్కపెట్టకండి. అందులో ఊరి పటం ఉందా, పన్ను లెక్క ఉందా, చీపురు పట్టినవాళ్ల మాట ఉందా అని వెతకండి. మొదటి రెండూ నెహ్రూ ఇచ్చాడు. మూడోది ఇవ్వలేదు. ఆ పని మనవంతుగా మిగిలే ఉంది.