రెండో గొట్టంలోని తెలివి

షార్ట్ ఫిల్ములు తీసే కుర్రాళ్లు వెల్డింగ్ షాపులో చేయించుకునే కెమెరా క్రేన్‌ను చవకబారు నకలు అనడం అన్యాయం. మన ఏతాన్ని నడిపిన తూకమే దీన్నీ నడిపిస్తుంది. రెండు కిలోల కెమెరా ఇరుసుకు 2 మీటర్ల అవతల ఉంటే, ఇవతల అర మీటరు దూరంలో 8 కిలోల జిమ్ ప్లేట్లు వేలాడదీయాలి. క్రేన్ చేయిగా పనిచేసే గొట్టం సొంత బరువుకు మరికొంత. తూకం కుదిరిందా, రెండు వేళ్లతో లేపవచ్చు. అసలు తెలివి మాత్రం రెండో గొట్టంలో ఉంది. మొదటిదానికి సమాంతరంగా, రెండు చివర్లా బోల్టుల మీద తిరిగేలా బిగిస్తే, చేయి లేచినా దిగినా కెమెరా పలక వాలు మారదు. బోల్టు బెజ్జం వెంట్రుకవాసి వదులైనా తెర మీద వణుకు తెలిసిపోతుంది. మంచి పనివాడు అక్కడ బేరింగు వేస్తాడు.

డ్రోన్లు, గింబల్‌లు ఉండగా ఇదెందుకంటారు. డ్రోన్ రొదలో సంభాషణ రికార్డు కాదు, ముఖం దగ్గరికి తేవడం ప్రమాదం. గింబల్ కుదుపు తగ్గిస్తుంది గానీ, పట్టుకున్నవాడి చెయ్యి అందినంతే దాని ఎత్తు. 1958 నాటి ‘టచ్ ఆఫ్ ఈవిల్’ సినిమా మూడు నిమిషాలు దాటిన ఒకే క్రేన్ షాట్‌తో మొదలవుతుంది. అలాంటి కదలికలో చిన్న ముక్కైనా కుర్రాళ్లకు అందించేది ఈ గొట్టాలే. మోసుకెళ్లడం తలనొప్పే, కాదనను. బరువులు దించకుండా కెమెరా విప్పితే క్రేన్ చేయి ఎగిరి దవడ పగలగొడుతుంది కూడా.