కమానులన్నీ కలిసి కదిలితే

వయొలిన్ ఒక్కటే మోగితే వాయించే మనిషి వినిపిస్తాడు. పదహారు మంది ఒకే స్వరం పట్టుకుంటే ఆ పదహారు మందిలో ఎవరూ విడిగా వినిపించరు, కొత్త నాదం ఒకటి పుడుతుంది. ఒకరి వేలు వెంట్రుకవాసి అటు, ఇంకొకరిది ఇటు. ఒకరి వైబ్రాటో నెమ్మది, పక్కవారిది వేగం. ఈ తేడాలన్నీ కలిస్తేనే నాదానికి నిండుదనం. సింఫనీ ఆర్కెస్ట్రాలో ట్రంపెట్లు, టింపనీలు ఎంత హోరెత్తించినా ప్రాణం తీగవాద్యాల వరుసల్లోనే ఉందని నా గట్టి నమ్మకం.

ఆ వాద్యకారుల క్రమశిక్షణ చూసి తీరాలి. ఓబో ఒక్కటి 'ఎ' స్వరం ఊదగానే అందరూ శ్రుతి చేసుకుంటారు. ఇద్దరికి ఒక స్టాండు. పేజీ తిప్పాల్సి వస్తే లోపలివైపు కూర్చున్నవారు తిప్పుతారు, పక్కవారు వాయిస్తూనే ఉంటారు. కమాను కిందికా పైకా అన్నది కాన్సర్ట్ మాస్టర్, అంటే మొదటి వయొలిన్ల నాయకుడి మాట. ఆ పెన్సిల్ గుర్తులే చివరి వరుసదాకా చెల్లుతాయి. ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రా కండక్టర్ స్టొకోవ్‌స్కీ మాత్రం ఎవరికి వీలైనచోట వారిని కమాను మళ్లించుకోమన్నాడు. అన్నీ ఒకేసారి మళ్లవు కనుక నాదం ఎక్కడా తెగదు. ఎంత గుండెధైర్యం!

అయినా నా ఓటు వియన్నా ఫిల్హార్మోనిక్‌కే. 1842లో పుట్టింది, వాయించేవాళ్లే నడుపుకుంటారు. 1933 నుంచి శాశ్వత కండక్టరంటూ లేడు. కండక్టర్ కార్లోస్ క్లైబర్ వాళ్లతో చేసిన బీథోవెన్ అయిదో సింఫనీ రికార్డు వినండి. ఆ మొదటి నాలుగు స్వరాలకే ఒళ్లు జలదరిస్తుంది. ఇక వాయిద్యాల సంగతంటారా, ఇటలీలోని క్రెమోనా వయొలిన్ల వార్నిష్‌లో ఏదో రహస్యముందని నేటికీ చెప్పుకుంటారు. కమానుకు గుర్రపుతోక వెంట్రుకలు, దానికి రాసే రోజిన్. అంతే సరంజామా!

మనకూ ఈ వైభవం దక్కింది, మద్రాసు పుణ్యాన. ధన్‌రాజ్ మాస్టారి దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చిన ఇళయరాజా ఏ వాద్యమూ ముట్టకుండానే ఏ వరుస ఏం వాయించాలో కాగితం మీద రాసేసేవారు. వి.ఎస్. నరసింహన్ లాంటి వయొలిన్ విద్వాంసులు ఆ రాతకు ప్రాణం పోశారు. 'సాగర సంగమం', 'గీతాంజలి' మళ్లీ పెట్టుకుని, ఈసారి గాయకుల్ని కాసేపు వదిలి వెనకనున్న తీగల్ని వినండి. ఆ రాజాయే 2025 మార్చి 8న, 81 ఏళ్ల వయసులో, లండన్‌లో రాయల్ ఫిల్హార్మోనిక్ చేత తన సింఫనీ వాయింపజేశారు. ఆయన్ని మించినవారు మన సినిమా సంగీతంలో లేరని ఎక్కడైనా అంటాను.

మరి ఇప్పుడు? ఒక కీబోర్డు, ఒక కంప్యూటర్. ఎవరో ఎక్కడో వాయించి దాచిన ముక్కల్ని మీట నొక్కి అతికిస్తున్నారు. ఎంత మంచి శాంపిలైనా అవే ముక్కలు తిప్పితిప్పి వాడితే చెవికి పట్టుబడిపోతుంది. ఎదుట పాడే గొంతు తడబడితే అది ఆగదు, ఉప్పొంగితే తానూ ఉప్పొంగదు. కోట్లు పోసి సెట్లు వేస్తారు, వయొలిన్లు పిలవమంటే మాత్రం బడ్జెట్ లేదంటారు! స్తోమత ఉన్నవాళ్లు బుడాపెస్ట్‌లో రికార్డు చేయించుకొస్తున్నారు, సంతోషమే. కానీ రీరికార్డింగుల్లో జీవితాలు ధారపోసిన కోడంబాకం కళాకారుల మాటేమిటి? పిలుపే రాని చోట వాళ్ల పిల్లలు కమాను ఎందుకు పడతారు?

నిర్మాతలారా, సంగీత దర్శకులారా, సినిమాకు ఒక్క పాటకైనా ఎనిమిది వయొలిన్లు, రెండు వయోలాలు, రెండు సెల్లోలు పిలిపించండి. వాయించినవారి పేర్లు టైటిల్స్‌లో వేయండి.