పుస్తకాల పండుగలో కొల్లేటి పిల్లవాడు

నవంబరు 14న బాలల దినోత్సవం. గ్రంథాలయ వారోత్సవాలు మొదలయ్యేదీ ఆ రోజునే. ఏప్రిల్ 2న అంతర్జాతీయ బాలల పుస్తక దినోత్సవం. 2010 నుంచి కేంద్ర సాహిత్య అకాడమీ బాలసాహిత్యానికి ప్రత్యేకంగా పురస్కారం ఇస్తున్నది. తెలుగులో మొదటిది కలువకొలను సదానంద గారి 'అడవితల్లి' నవలకు దక్కింది. వీటిలో దేన్నీ నేను కాదనను. పిల్లల కోసం రాసేవాణ్ణి 'చిన్న రచయిత'గా చూసే అలవాటు మనలో బలంగా ఉన్నప్పుడు, ఆ రచనకు ఒక శాలువా కప్పినా మంచిదే. అయితే శాలువా విమర్శకు బదులు కాజాలదు. పెద్దల కథాసంపుటి వెలువడితే అందులోని వస్తువేది, దృక్పథమేది, అది ఎవరి పక్షాన నిలిచింది అని నిలదీస్తాం. పిల్లల పుస్తకం వస్తే 'చక్కని బొమ్మలతో ముచ్చటగా ఉంది' అని నాలుగు వాక్యాలు రాసి తప్పుకుంటాం. ఈ ముచ్చట వెనుక ఉన్నది ప్రేమ కాదు, ఉదాసీనత అని నా అభిప్రాయం.

బాలసాహిత్యాన్ని నగరంలోని సభావేదిక మీద కాక, ఒక నిర్దిష్టమైన చోట పెట్టి పరీక్షించి చూద్దాం. ఆ చోటు కొల్లేటికోట. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ, బుడమేరు తమ్మిలేరు వంటి ఏర్ల నీరు వచ్చి చేరి, ఉప్పుటేరు గుండా సముద్రానికి పోయే కొల్లేటిలో, పెద్దింట్లమ్మ గుడితో పేరుపడిన లంక గ్రామమది. అక్కడి పిల్లవాడికి బడికి పోకముందే కొర్రమీనుకీ మట్టగిడసకీ తేడా తెలుసు. గుర్రపుడెక్క పేరుకుపోతే దోనె ఎందుకు కదలదో తెలుసు. గూడబాతులు ఎప్పుడు వస్తాయో, ఎప్పుడు పోతాయో తెలుసు. 'కాంటూరు' అన్న ఇంగ్లీషు మాట పట్నం పిల్లలకు భూగోళం పాఠంలో ఎదురవుతుంది. ఈ పిల్లవాడికి అది ఇంట్లో అన్నం దగ్గర వినబడే మాట. 1999లో ఐదో కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లను ప్రభుత్వం వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో అది రాంసార్ చిత్తడినేలల జాబితాకెక్కింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేర చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. సరస్సును మింగిన పెట్టుబడి ఒకవైపు, చెరువు గట్టు మీది కూలితోనే బతుకుతున్న కుటుంబాలు మరొకవైపు. ఈ రెండింటికీ ఒకే యంత్రం ఒకే తీర్పు చెప్పింది. ఇంత పెద్ద కథ కళ్ల ముందు జరిగిన పిల్లవాడికి మనం ఇచ్చిన పుస్తకమేది?

మన సంప్రదాయం బీదదేమీ కాదు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లోనే 'బాల' పత్రిక నడిపారు. 1947 జూలైలో 'చందమామ' వచ్చింది. 1952 నుంచి 1980లో మరణించేదాకా కొడవటిగంటి కుటుంబరావు దాన్ని తీర్చిదిద్దారు. రాజులూ రాక్షసులూ నిండిన పత్రికలో మార్క్సిస్టు రచయిత ఎందుకు కూర్చున్నాడని అడిగినవారున్నారు. ఆ ప్రశ్న అడిగేవారు చందమామ వచనాన్ని గమనించాలి. అనవసరమైన విశేషణం లేని, సంఘటన వెంట సంఘటన నడిచే ఆ వ్యావహారికం లక్షలాది పిల్లలకు చదవడం నేర్పింది. అది చిన్న పని కాదు. కాని చందమామ లోకంలో పల్లె అంటే ఏ కాలానికీ, ఏ జిల్లాకూ చెందని పల్లె. అక్కడి జాలరి వలలో ఉంగరమో భూతమో పడుతుంది; ఆ చేప ధర ఎవరు నిర్ణయించారన్న ప్రశ్న పడదు. చందమామ ఆగిపోయి పదేళ్లు దాటింది. దాని వచనాన్ని వారసత్వంగా తీసుకోవలసిన మనం, దాని ఊరూ పేరూ లేని పల్లెను మాత్రమే తీసుకున్నాం.

మరొక పాయ ఉంది. ముళ్ళపూడి వెంకటరమణ 'బుడుగు', నామిని 'పచ్చనాకు సాక్షిగా', ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' - వీటన్నిటా మాట్లాడేది పిల్లవాడే. బుడుగు మధ్యతరగతి ఇంటి అరుగు దాటడు. నామిని, ఖదీర్‌బాబు మాత్రం పేదరికాన్ని, ప్రాంతపు పలుకుబడిని పిల్లవాడి నోటనే పలికించి తెలుగు కథకు కొత్త ఊపిరినిచ్చారు. కాని ఈ పుస్తకాలను కొని చదువుకున్నది ఎక్కువగా పెద్దలు. కొల్లేటి విషయంలోనూ ఇదే జరిగింది. అక్కినేని కుటుంబరావు 'కొల్లేటి జాడలు' అక్కడి బాల్యాన్ని, ఉమ్మడి శ్రమను, చేపల చెరువుల రాకతో అది చెదిరిన వైనాన్ని చెప్పిన మంచి నవల. అదీ పెద్దల నవలే. బాల్యం మనకు వస్తువైంది. బాలుడు మనకు పాఠకుడు కాలేదు. ఈ రెండూ ఒకటేనని భ్రమపడడం వల్లనే మన బాలసాహిత్య చర్చ ముందుకు సాగడం లేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. పసివాళ్లకు కాంటూర్లూ కూలిరేట్లూ ఎందుకు, వాళ్లకు కావలసింది ఊహ కదా అని. ఆక్షేపణలో కొంత న్యాయముంది. రాజు స్థానంలో సంఘ నాయకుణ్ణి, మాంత్రికుడి స్థానంలో భూస్వామిని కూర్చోబెట్టి, చివర నీతివాక్యానికి బదులు నినాదం పెడితే అది అభ్యుదయ బాలసాహిత్యం కాదు, వేషం మార్చిన నీతికథ. పిల్లలు దాన్ని క్షణంలో పసిగట్టి పక్కన పడేస్తారు. కాని ఊహ గాలిలోంచి పుట్టదు. మాస్కో నుంచి వచ్చి విశాలాంధ్ర దుకాణాల్లో చవకగా దొరికిన తెలుగు పుస్తకాలను మనలో చాలామంది పిల్లలుగానే చదివారు. వాటిలో పొలమూ, కర్మాగారమూ, పనిచేసే చేతులూ ఊహకు అడ్డం రాలేదు. మంచుదేశపు పిల్లవాడి పని మనకు అద్భుతంగా తోచింది. 1991 తర్వాత ఆ పుస్తకాలు ఆగిపోయాయి. వాటిని తలుచుకుని నిట్టూర్చినంతగా, వాటి నుంచి నేర్చుకోలేదు.

ఊహ, వాస్తవం ఎట్లా కలుస్తాయో చూడాలంటే కొల్లేటికోట ఐతిహ్యమే చాలు. గజపతుల కోటను పట్టలేక, సరస్సు నీటిని సముద్రంలోకి దించడానికి శత్రువులు కాలువ తవ్వారట. గెలుపు కోసం గజపతుల సేనాని తన కూతురినే బలి ఇచ్చాడట. ఆ కాలువకే 'పేరంటాల కనమ' అని పేరు. ఈ కథను పిల్లలకెలా చెబుతాం? త్యాగమని కీర్తిస్తే, ఆడపిల్ల ప్రాణం తండ్రి సొత్తని నేర్పినట్టే. మూఢనమ్మకమని కొట్టిపారేస్తే, ఆ ఊరి పిల్ల తాతమ్మ నోట విన్న కథను అవమానించినట్టే. ఆ అమ్మాయి వైపు నిలబడి చెప్పవచ్చు: ఆమెను ఎవరైనా అడిగారా? నీళ్ల కోసం పెద్దలు పోట్లాడుకుంటే మూల్యం పిల్లలే ఎందుకు చెల్లించాలి? పన్నెండేళ్ల పాఠకురాలు ఈ ప్రశ్న దగ్గర నుంచి 2006 దాకా తనంతట తానే నడిచి రాగలదు. నినాదం అవసరం రాదు.

పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల మధ్యవారి స్థితి మరీ అన్యాయం. చందమామ వయసు దాటినవాడికి మన దగ్గర ఉన్నవి పోటీపరీక్షల గైడ్లు, వ్యక్తిత్వ వికాస పుస్తకాలు. బడి మానేసి చెరువు గట్టు మీద మేత బస్తాలు మోసే పిల్లవాడి వికాసం ఏ పుస్తకం ఎత్తుకుంది? అతని ప్రేమ, కోపం, ఊరు విడిచి పోవాలన్న ఆరాటం నవలకు చాలని వస్తువులా?

రాస్తే సరిపోదు, పుస్తకం చేరాలి. 1935లోనే పాతూరి నాగభూషణం పెదవడ్లపూడి దగ్గర కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపారు. ఊరూరా పడవ ఆగేది, పుస్తకం దిగేది. ఈనాడు ప్రజలు ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్నూ కడుతున్నారు. ఆ పైసలు లంక గ్రామాల పిల్లల చేతికి పుస్తకాలై రావాలని అడగడం రచయితల సంఘానికి తగని పని కాదు.

కనుక నా ప్రతిపాదనలు మూడు. ఒకటి: మన పత్రిక ప్రతి సంచికలో కనీసం ఒక పిల్లల పుస్తకాన్ని, పెద్దల పుస్తకానికి వాడే గీటురాయి మీదనే సమీక్షించాలి. రెండు: ఏలూరు, తాడేపల్లిగూడెం రచయితలు బాలల దినోత్సవాన్ని పట్నం హాల్లో కాక ఒక లంక గ్రామంలో జరపాలి, ఆ రోజు ఉపన్యాసం మనది కాకూడదు, పిల్లలు కథలు చెప్పాలి, మనం రాసుకోవాలి. మూడు: అట్లా రాసుకున్నదాన్ని పుస్తకంగా వేసే ముందు ఆ పిల్లలకే చదివి వినిపించాలి. వాళ్లు ఆవలించిన పేజీని కొట్టివేయడానికి మనం సిద్ధంగా ఉండాలి.