మదరసా, మక్తబు: తెలుగు క్రైస్తవ రచనలలో ఒక అస్పష్టత

ఇస్లామీయ విద్యాలయాలను గూర్చి తెలుగు క్రైస్తవ వ్యాసాలలోను, వేదాంత విద్యార్థుల పరిశోధనా పత్రాలలోను తరచుగా కనిపించే ఒక ధోరణిని ఇక్కడ పరిశీలించదలచాము. మదరసా అనగానే ఉత్తరాదిలోని దేవబందును, 2001 తరువాత వార్తలకెక్కిన పాకిస్తాన్ సరిహద్దును తలచుకొని, ఆ చిత్రాన్నే గోదావరి జిల్లాలకు అతికించడం ఈ ధోరణి లక్షణం. ఆధారాలన్నీ ఆంగ్ల గ్రంథాలే. మన పక్కవీధి మసీదు మాత్రం ఎవరికీ ఆధారం కాలేదు.

పొరపాటు పదాల దగ్గరే మొదలవుతున్నది. మసీదు ఆవరణలో పిల్లలకు ఖురాను పఠనము, నమాజు నేర్పేది మక్తబు. ఆ పిల్లలు పగలు మామూలు బడికే పోతారు. ఆలిములను తయారుచేసే దీర్ఘకాలిక విద్యాలయం మదరసా. 2006 నాటి సచార్ కమిటీ నివేదిక ఈ భేదాన్ని స్పష్టం చేసి, చదువుకొనే ముస్లిం పిల్లలలో మదరసాలకు వెళ్లేవారు సుమారు నూటికి నలుగురేనని తెలిపింది. మనవారు మక్తబును చూచి మదరసాను గూర్చి వ్రాస్తున్నారు. మన ఆదివారపు బడిని చూచి ఎవరైనా దానిని వేదాంత కళాశాల అంటే మనము ఒప్పుకొంటామా?

చరిత్ర విషయంలోనూ ఇదే తొందర. రాజమండ్రి ప్రధాన వీధిలోని మసీదు శాసనం 1324 నాటిది. తుగ్లకుల దండయాత్రకు సాక్ష్యంగా దానిని చూపి, అక్కడికే అధ్యాయం ముగిస్తారు. తరువాత గోల్కొండ, మొగలు, నిజాం పాలనలలో పారశీకం ఈ ప్రాంతపు కచేరీ భాషగా ఉన్న సంగతి వదలివేస్తారు. రైతు, కౌలు, ఫసలీ, జమాబందీ అనే మాటలు డెల్టా పొలాలలో నేటికీ నిలిచి ఉన్నవి. పారశీకం చదివినవారందరూ ముస్లింలు కారు. కొలువు కోరిన హిందువులూ చదివారు. 1822లో మన్రో ఆదేశించిన విచారణకు రాజమండ్రి కలెక్టరు 291 బడులను, 279 వేదశాస్త్ర విద్యాస్థానాలను లెక్క చూపాడు. ఆ బడులలో అత్యధికం తెలుగువి, పారశీకానివి బహు కొద్ది. కొద్దివైనా వాటి విలువ మతంలో కాదు, జీవనోపాధిలో ఉండినది. 1837లో కంపెనీ పారశీకానికి అధికార స్థానం తొలగించడంతో ఆ ఉపాధి పోయింది. ఇక ఇస్లామీయ విద్యకు మతబోధే ప్రధానమై మిగిలింది. ఈ మలుపును గుర్తించనివారే మదరసా పుట్టుకతోనే లోకవిద్యకు విముఖమని తీర్పు చెబుతారు.

1866లో దేవబంద్ విద్యాలయం ప్రభువుల పోషణను కాక సామాన్యుల చందాలను నమ్ముకొని ఆరంభమైనది. 1836లో గ్రోవ్స్ వెంట వచ్చి నరసాపురంలో సేవ చేసిన బౌడెన్, బీర్‌ల చరిత్ర చదివిన మనకు ఈ పద్ధతి అపరిచితం కాకూడదు. జీతం మాట లేకుండా విశ్వాసంమీద నడిచే సేవను వారిలో మెచ్చుకొని, చందాతో నడిచే మదరసాను మాత్రం శంకించడం న్యాయమనిపించుకోదు.

ఇక, అర్థం తెలియని వల్లెవేత అనే విమర్శ. ఇందులో కొంత సత్యమున్నది, కాని గురి తప్పినది. కంఠస్థం తప్పయితే మన చిన్న ప్రశ్నోత్తరి ఏమిటి? అసలు చిక్కు భాషలో ఉన్నది. కోస్తాలోని నూర్‌బాషా కుటుంబాలలో అనేకులకు ఇంటి భాష తెలుగు. ఉర్దూ ద్వారా అరబీ నేర్పితే ఆ పిల్లవాడు ఒక పరభాషను దాటి మరొక పరభాషను చేరవలసి వస్తుంది. మదరసాల నిర్వాహకులు జవాబు చెప్పవలసిన ప్రశ్న ఇదే. మన రచయితలెవరూ దీనిని అడగలేదు.

తెలుగులో ఇస్లామీయ జ్ఞానం సాధ్యమనుటకు పిఠాపురమే సాక్షి. ఉమర్ ఆలీషా (1885–1945) పీఠాధిపతిగా ఉంటూ పద్యకావ్యాలు, నాటకాలు రచించి, ఉమర్ ఖయ్యాం రుబాయీలను తెలుగు చేశాడు. కేంద్ర శాసనసభలోనూ కూర్చున్నాడు. చిలుకూరి నారాయణరావు ఖురాను అనువాదం 1925లోనే వెలువడినది. అయితే పిఠాపురం పీఠం మదరసా కాదు, సూఫీ గురుపరంపర. దానిని మంచి మదరసాగా పొగడే వ్యాసాలు కూడ పై పొరపాటునే తిరగవేసి చేస్తున్నవి.

2012లో సవరించిన విద్యాహక్కు చట్టం మదరసాలను, వేదపాఠశాలలను, ప్రధానంగా మతబోధ చేసే సంస్థలను ఒకే నిబంధనలో చేర్చి మినహాయించింది. చట్టం దృష్టిలో మనము వారి వరుసలోనివారమే. ఈ అంశంపై రాబోయే పరిశోధనా పత్రం కాకినాడలోనో రాజమండ్రిలోనో మసీదు కమిటీ అనుమతితో ఒక మక్తబులో కూర్చుని, ఆ పిల్లలు పగలు ఏ బడికి పోతున్నారో, గురువు ఏ భాషలో చెబుతున్నాడో, ఆయన జీతం ఎవరిస్తున్నారో తెలిసికొని మొదలుపెడితే దానిని చదవడానికి మేము సిద్ధముగా ఉన్నాము.