ముల్చేర నుంచి ఎంపీ చిట్టా చదవడం

గడ్చిరోలి-చిమూర్ లోక్‌సభ నియోజకవర్గం ఉత్తరాన గోందియా జిల్లా ఆమ్‌గావ్‌లో మొదలవుతుంది. బ్రహ్మపురి, చిమూర్, ఆర్మోరి, గడ్చిరోలి దాటి, అడవుల్లోంచి అహేరి మీదుగా వచ్చి దక్షిణాన గోదావరి ఒడ్డున సిరొంచలో ఆగుతుంది. ఆ కొస నుంచి ఈ కొసకు మూడు వందల కిలోమీటర్ల పైమాటే. 2008 నాటి పునర్విభజనలో ఏర్పడిన ఈ ఎస్టీ రిజర్వుడు స్థానం నుంచి 2009లో మారోత్‌రావు కోవాసే, 2014లోనూ 2019లోనూ అశోక్ నేతే, 2024లో నామ్‌దేవ్ కిర్సాన్ గెలిచారు. ముల్చేర తాలూకా ఇందులో అహేరి అసెంబ్లీ సెగ్మెంటు కిందికి వస్తుంది. ఇక్కడ ఒక ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, సంతలో మాడియా గోండీ, శరణార్థులుగా వచ్చి స్థిరపడినవారి ఊళ్లలో బెంగాలీ వినిపిస్తాయి. ఇంత విస్తీర్ణంలో ఏ ఎంపీ అయినా ప్రతి ఊరి గడపా తొక్కడం కుదిరే పని కాదు. ఆయన పనిలో ఎక్కువ భాగం ఈ ఊళ్లకు కాగితం రూపంలోనే అందుతుంది. ఆ కాగితాలను పోగుచేసి, పేరుపేరునా సర్ది, అడిగినవాడికల్లా దొరికేలా పెట్టిన పనితనాన్ని నేను మనసారా మెచ్చుకుంటాను. అందులో మొదట చెప్పుకోవలసింది ‘ఎంపీ ట్రాక్’.

ఢిల్లీలో 2005లో మొదలైన పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ అనే సంస్థ దీన్ని నడుపుతోంది. ఒక్కో ఎంపీకి ఒక్కో పుట. అందులో హాజరు శాతం, పాల్గొన్న చర్చలు, అడిగిన ప్రశ్నలు, పెట్టిన ప్రైవేటు బిల్లులు ఉంటాయి. ఆ అంకెల పక్కనే రాష్ట్ర సగటు, దేశ సగటు. కిందికి దిగితే ఒక్కో చర్చ తేదీ, విషయం. ఒక్కో ప్రశ్న తేదీ, శీర్షిక, ఏ మంత్రిత్వ శాఖను అడిగారో, ఏ రకం ప్రశ్నో వరుసగా కనిపిస్తాయి. శీర్షిక పట్టుకుని పోతే అసలు కాగితం దగ్గరికి చేరతాం.

వాళ్ల గొప్పతనం నాకు ఎక్కువగా కనిపించేది వాళ్లు చేయకుండా వదిలేసిన పనుల్లో. ర్యాంకులు ఇవ్వరు. మార్కులు వేయరు. ‘ఉత్తమ ఎంపీ’ అని ఎవరి మెడలోనూ దండ వేయరు. మంత్రుల పుటలో ప్రశ్నల సంఖ్య ఎందుకు లేదో చిన్న వివరణ ఉంటుంది: మంత్రి సభలో జవాబు చెప్పేవాడే గానీ అడిగేవాడు కాదు కనుక ఆ లెక్క ఆయనకు వర్తించదు. ఆ ఒక్క వాక్యం లేకపోతే ఎంతమంది మంత్రులను ‘నోరు విప్పని ఎంపీ’ల జాబితాలో వేసి వార్తలు రాసేవాళ్లో! హాజరంటే వచ్చినట్టు నమోదు మాత్రమే. హాజరు నమోదు చేసుకున్నవారు సభలో ఎంతసేపు కూర్చున్నారో అది చెప్పదు, చెప్పినట్టు నటించదు. తెలిసినంత వరకే చెప్పి ఆగడం లెక్కలు రాసేవాడికి ఉండవలసిన మొదటి గుణం. మన దగ్గర అది అరుదు.

అంకె దగ్గరే ఆగిపోతే మాత్రం చదివినట్టు కాదు. జీరో అవర్‌లో రెండు నిమిషాలు లేచి నిలబడి ఒక రోడ్డు గురించి అడిగినా ఒక చర్చే, బడ్జెట్ మీద అరగంట మాట్లాడినా ఒక చర్చే. 377 నిబంధన కింద ఇచ్చే ప్రస్తావన నోటితో చదవకుండా రాతపూర్వకంగా సమర్పించినా లెక్కలోకి వస్తుంది. ఒకే ప్రశ్నను నలుగురైదుగురు ఎంపీలు అడిగితే లోక్‌సభ సచివాలయం వాటిని కలిపి ఒకే జవాబు తెప్పిస్తుంది. ఆ ఒక్క ప్రశ్న అందరి ఖాతాలోనూ పడుతుంది. ప్రశ్నల సంఖ్యే నిబద్ధతకు కొలమానం కాదన్న సంగతి దేశానికి గట్టిగా తెలిసింది కూడా పీఆర్ఎస్ మొదలైన ఏడాదే. డబ్బు తీసుకుని ప్రశ్నలు అడిగారన్న వ్యవహారంలో 2005 డిసెంబరులో పార్లమెంటు పదకొండు మంది సభ్యులను బహిష్కరించింది.

అందుకే ప్రశ్నను విప్పి చూడాలి. రాతపూర్వక ప్రశ్న చూడటానికి పొడిపొడిగా ఉంటుంది గానీ, దాన్ని కట్టడంలో చాలా నేర్పు ఉంది. లోక్‌సభలో రోజుకు నక్షత్ర గుర్తు ఉన్న ప్రశ్నలు 20, లేనివి 230 మాత్రమే తీసుకుంటారు. ఎవరి ప్రశ్నకు చోటు దక్కాలో లాటరీ తేలుస్తుంది. నోటీసు కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి. ఒక సభ్యుడు ఒక రోజుకు ఐదు నోటీసులకు మించి ఇవ్వకూడదు. ప్రశ్న 150 మాటలు దాటకూడదు, అందులో వాదన ఉండకూడదు, అభిప్రాయం అడగకూడదు, కేంద్రానికి సంబంధం లేని విషయం ఉండకూడదు. నక్షత్ర గుర్తు ఉన్నదానికి మంత్రి సభలో నోటితో జవాబివ్వాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలూ వేయవచ్చు. అయితే ఉదయం 11 నుంచి 12 దాకా సాగే ఆ గంటలో ఇరవైకి నాలుగో ఐదో మాత్రమే వంతుకు వస్తాయి. మిగతావాటి జవాబులు కాగితం మీదే అందుతాయి.

ఇప్పుడు మనకు దగ్గరి విషయం ఒకటి తీసుకుని చూద్దాం. గోదావరి మీది మేడిగడ్డ బ్యారేజీ కుడి కొస తెలంగాణలోని జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఉంటే ఎడమ కొస సిరొంచ తాలూకాలో ఉంది. దాని మీద మహారాష్ట్ర, తెలంగాణ 2016 ఆగస్టు 23న ఒప్పందం చేసుకున్నాయి. 2019 జూన్ 21న 85 గేట్ల బ్యారేజీ ప్రారంభమైంది. 2023 అక్టోబరు 21న దాని పియర్లు (గేట్ల మధ్య స్తంభాలు) కుంగాయి. వెనుక నీటితో పొలాలు మునుగుతున్నాయని సిరొంచ వైపు రైతులు మొత్తుకుంటూ వచ్చారు. దీని మీద ప్రశ్న రాయాలనుకుందాం. ‘సిరొంచ రైతుల పొలాలు మునుగుతుంటే ప్రభుత్వం ఏం చేస్తోంది?’ అని రాస్తే వచ్చే జవాబు మొదటి వాక్యం ఇప్పుడే చెప్పొచ్చు: నీరు రాష్ట్రాల పరిధిలోని అంశం. జలశక్తి శాఖ జవాబులు చదివే అలవాటున్నవారికి ఆ వాక్యం కంఠతా వచ్చి ఉంటుంది. అక్కడితో తలుపు మూసుకుంటుంది.

చెయ్యి తిరిగినవారు అదే బాధను కేంద్రం తప్పించుకోలేని దారిలో పంపుతారు. ఆనకట్టల భద్రతా చట్టం 2021లో వచ్చింది. దాని కింద జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ ఉంది. పియర్లు కుంగాక మేడిగడ్డకు నిపుణులను పంపింది ఆ సంస్థే. కనుక ప్రశ్న ఇలా నడవాలి. (ఎ) ఆ సంస్థ మేడిగడ్డను తనిఖీ చేసిందా. (బి) చేసి ఉంటే ఎగువన మహారాష్ట్ర వైపు ముంపు సంగతిని పరిశీలించిందా. (సి) పరిశీలించి ఉంటే ఏ గ్రామాలు, ఎంత విస్తీర్ణం. (డి) పరిశీలించకపోతే కారణాలేమిటి? ఇందులో కోపం లేదు, విశేషణం లేదు. కానీ (బి)కి ‘అవును’ అంటే (సి)లో లెక్క చెప్పి తీరాలి, ‘లేదు’ అంటే (డి)లో కారణం చెప్పాలి. చదరంగంలో రెండు ఎత్తులు ముందే ఆలోచించి పావు కదిపినట్టు ఉంటుంది మంచి ప్రశ్న.

మంత్రి కార్యాలయానికీ అంతే నేర్పు ఉంది. ‘(ఎ) నుంచి (డి) వరకు’ అని నాలుగింటినీ ఒక మూటలో కట్టి, పథకం పుట్టుపూర్వోత్తరాలతో ఒక పేరా రాసి, అసలు అడిగిన (సి)ని అందులో మునిగిపోనిస్తారు. ముల్చేరలోనో సిరొంచలోనో కూర్చుని జవాబు చదివేవారు మొదట చూడవలసింది ఇదే. నాలుగు భాగాలకూ విడివిడిగా జవాబులున్నాయా, కలిపేశారా? కలిపేస్తే ఏ భాగానికి జవాబు లేదు? ఎంపీ ట్రాక్‌లో ఆ ప్రశ్న ఒక వరుస మాత్రమే. ఆ వరుస వెనుక ఎంపీ ఎంత గట్టిగా పట్టుకున్నారో, శాఖ ఎక్కడ జారుకుందో రెండు పుటల జవాబు కాగితంలో తెలిసిపోతుంది. ఇంగ్లీషు, హిందీ ప్రతుల్లో దొరుకుతుంది గనుక మరాఠీ బడిలో దేవనాగరి నేర్చిన సిరొంచ తెలుగు పిల్లలు హిందీ ప్రతిని కొంచెం ఓపిక పడితే చదివేయగలరు.

ఓట్ల సంగతికి వస్తే చిట్టా పలచబడిపోతుంది. అది చిట్టా రాసేవారి తప్పు కాదు. మన సభల్లో చాలా బిల్లులు మూజువాణి ఓటుతో గడిచిపోతాయి. ఎవరు ఔనన్నారో ఎవరు కాదన్నారో పేర్లుండవు. ఎవరైనా పట్టుబట్టి డివిజన్ అడిగినప్పుడే గంట మోగుతుంది, తలుపులు మూస్తారు, పేరుపేరునా ఓటు నమోదవుతుంది. పైగా 1985లో రాజ్యాంగంలోకి ఫిరాయింపులను అరికట్టే పదో షెడ్యూలు వచ్చాక పార్టీ విప్ ధిక్కరిస్తే సభ్యత్వమే పోయే ప్రమాదం ఉంది గనుక నమోదైన ఓటు కూడా చాలాసార్లు పార్టీ ఓటే. బ్రిటన్‌లో 2004లో వాలంటీర్లు మొదలుపెట్టిన ‘దే వర్క్ ఫర్ యూ’ తమ ఎంపీల ఓట్లను అంశాలవారీగా చూపించగలుగుతోందంటే, అక్కడ సభ్యులు లాబీల్లోకి నడిచి వెళ్లి ఓటేయడం, వాళ్ల పేర్లు అచ్చులో పడటం పాత ఆనవాయితీ కావడం వల్లే.

తెలుగువాళ్లకు ఈ లోటు ఎంత పెద్దదో వేరే చెప్పనక్కర్లేదు. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ ఆంధ్రప్రదేశ్ పునర్విభజన బిల్లును ఆమోదించింది మూజువాణి ఓటుతో. టీవీ ప్రసారం కూడా ఆగిపోయింది. గోదావరి అవతలి ఒడ్డు ఏ రాష్ట్రమవుతుందో తేల్చిన రోజు అది. ఆ రోజు ఎవరి ఓటు ఎటు పడిందో ఏ ఎంపీ పుటలోనూ లేదు. రాజ్యాంగ సవరణలకు మాత్రం లెక్క తప్పదు. 2023 సెప్టెంబరు 20న మహిళా రిజర్వేషన్ బిల్లుకు లోక్‌సభలో 454 మంది ఔనన్నారు, ఇద్దరు కాదన్నారు. ఆ ఇద్దరూ ఎవరో దేశమంతటికీ తెలుసు: హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ, అప్పటి ఔరంగాబాద్ ఎంపీ ఇంతియాజ్ జలీల్. వారితో ఏకీభవించినా లేకపోయినా, వారు తమ పేరు మీద నిలబడ్డారన్న సంగతి చిట్టాలో చెరగకుండా ఉంది.

ఏ పట్టికలోనూ ఇమడని పనులు కూడా ఉంటాయి. ఈ ప్రాంతం చాందా జిల్లాలో ఉన్న రోజుల్లో, 1962 ఎన్నికల్లో చాందా స్థానం నుంచి స్వతంత్రుడిగా గెలిచిన ఆదివాసీ నాయకుడు లాల్ శ్యాం షా 1964లో లోక్‌సభకు రాజీనామా చేశారు. ఆదివాసుల గోడు పట్టించుకోకపోవడం, తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన శరణార్థులను ఈ అడవుల్లో స్థిరపరచే తీరు ఆయన నిరసనకు కారణాలు. అప్పట్లో ఎంపీ ట్రాక్ ఉండి ఉంటే రెండేళ్ల సభ్యత్వం, ఆ తర్వాత ఖాళీ కనిపించేవి. ముల్చేర తాలూకాలో గోండు ఊరూ బెంగాలీ ఊరూ పక్కపక్కనే బతుకుతున్న ఇవాళ, ఆ ఖాళీని అర్థం చేసుకోవాలంటే పట్టిక వదిలి చర్చల సంపుటాలు తెరవాలి.

ఆ సంపుటాల వెనుక ఉన్నవారు అసలైన పనివాళ్లని నా నమ్మకం. సభలో అధ్యక్షుల ముందు బల్ల దగ్గర వంతులవారీగా, కొద్ది నిమిషాలకొకరు చొప్పున మారుతూ మాట మాటా రాసుకునే రిపోర్టర్లు. నలుగురు ఒకేసారి అరుస్తున్నప్పుడు ఎవరి మాట రికార్డుకు వెళ్తుందో, ఎవరిది ‘అంతరాయం’ అన్న ఒక్క మాట కిందికి పోతుందో వినిపట్టాలి. అధ్యక్షులు తొలగించమన్న మాట చోట నక్షత్ర గుర్తులు పడతాయి. వాటిని చూస్తే అక్కడేదో అన్నారని తెలుస్తుంది, ఏమన్నారో తెలియదు. పేరు ఎక్కడా కనబడని ఈ ఉద్యోగుల రాత మీదే లోక్‌సభ వెబ్‌సైటూ, ఎంపీ ట్రాకూ, పత్రికల్లో మేం రాసే వ్యాసాలూ అన్నీ నిలబడి ఉన్నాయి.

ఇక చిట్టా చదివేవారిలో చాలామంది పట్టించుకోని చోటు ఒకటుంది. నా దృష్టిలో అన్నిటికంటే పనికొచ్చేది అదే. ‘సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందుంచుతాం’ అనో, ‘విషయం పరిశీలనలో ఉంది’ అనో మంత్రి జవాబిస్తే అది మర్యాదకు అన్న మాట కాదు, హామీ కిందికి వస్తుంది. ఇలాంటి మాటల జాబితా ఒకటి పెట్టుకుని, జవాబుల్లోంచి వాటిని ఏరి పట్టుకోవడానికి లోక్‌సభలో ప్రభుత్వ హామీల కమిటీ 1953 నుంచి ఉంది. మూడు నెలల్లో నెరవేర్చాలన్నది నియమం. నెరవేర్చలేకపోతే గడువు అడగాలి, లేదా వదిలేయమని కమిటీకి మొరపెట్టుకుని కారణం చెప్పాలి. నెరవేరినవాటి వివరాలను పార్లమెంటరీ వ్యవహారాల శాఖ సభ ముందు పెడుతుంది. రోడ్డు, రైలు, వంతెన, అటవీ అనుమతి, ముంపు పరిహారం, ఏ విషయమైనా సరే. జవాబు కాగితం నెత్తిన శాఖ పేరు, ప్రశ్న సంఖ్య, తేదీ ఉంటాయి. ఆ మూడూ రాసిపెట్టుకుని మూడు నెలలు ఆగి చూడాలి. నెరవేరిన హామీల్లో ఆ సంఖ్య లేకపోతే, ఏ పార్టీ ఎంపీ అయినా సరే, తర్వాతి సమావేశంలో ఆయన అడగవలసిన ప్రశ్నకు (ఎ) భాగం ముల్చేరలోనే రాసి పంపవచ్చు.