గోడౌన్లో కరిగిపోయిన దయ్యాలు

బోనాల రోజు హైదరాబాద్ పాతబస్తీలోని ఉప్పుగూడ మహంకాళి గుడి దారిలో పోతరాజు ఎదురొస్తే చిన్నపిల్లలు అమ్మ కొంగు వెనక్కి చేరతారు. ఒళ్లంతా పసుపు, నుదుటి నిండా కుంకుమ, కళ్లకి కాటుక, కాళ్లకి గజ్జెలు, చేతిలో కొరడా. మర్నాడు పాతబస్తీ గుళ్ల ఘటాలన్నీ నయాపూల్ దిక్కు కదిలినప్పుడు బండ్ల మీద ఉగ్రరూపంలో అమ్మవారి బొమ్మలూ వస్తాయి. భయపెట్టడానికి ఇక్కడ కంప్యూటర్ అక్కర్లేదు. మనిషి ఒళ్లు, రంగు, గుడ్డ, మట్టి, చూసేవాడి నమ్మకం, ఇవి చాలు. తెలుగు దయ్యాల సినిమా కూడా ఈ సరంజామాతోనే నడిచింది. తేడా ఏమిటంటే, పోతరాజు ఏటా తిరిగొస్తాడు. సినిమా దయ్యం షూటింగ్ అయ్యాక గోడౌన్లోకి పోయి, అక్కణ్నుంచి తుక్కులోకి పోయింది.

విదేశాల్లో ఆ తుక్కుకే జనం ఎగబడతారు. 1933 నాటి ‘కింగ్ కాంగ్’ గొరిల్లా బొమ్మ మీది రబ్బరు కండ, కుందేలు బొచ్చు ఏనాడో రాలిపోయాయి. లోపల మిగిలిన లోహపు అస్థిపంజరాన్నే 2009లో లండన్ క్రిస్టీస్ వేలంలో 1,21,250 పౌండ్లకి కొన్నారు. ‘ఎక్సార్సిస్ట్’ (1973) కోసం మేకప్ నిపుణుడు డిక్ స్మిత్ తయారుచేసిన, మెడ వెనక్కి తిరిగే పిల్ల బొమ్మ న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ ది మూవింగ్ ఇమేజ్‌లో ఉంది. ‘జాస్’ (1975) సొరచేప కథ ఇంకా చిత్రం. షూటింగులో వాడిన మూడు మర చేపలూ నాశనమయ్యాయి. అదే అచ్చులో ఫైబర్‌గ్లాస్‌తో పోసి, స్టూడియోకి వచ్చే సందర్శకుల కోసం వేలాడదీసిన నాలుగోది మాత్రం పాత సామాన్ల యార్డుకి చేరి బతికిపోయింది. 25 అడుగుల ఆ చేప ఇప్పుడు లాస్ ఏంజెలెస్‌లో ఆస్కార్ అకాడమీ మ్యూజియంలో ఉంది. తెరమీద ఒక్క క్షణం కూడా కనిపించని చేపకి ఇంత వైభోగం! ఎందుకంటే, మిగిలింది అదొక్కటే.

మరి మన దగ్గర? దర్శకుడు బి. విఠలాచార్యకి ‘జానపద బ్రహ్మ’ అని బిరుదిచ్చాం. ‘జగన్మోహిని’ (1978)లో దయ్యం పొయ్యిలో కట్టెలకి బదులు తన కాళ్లే పెట్టి వంట చేసిన దృశ్యం చూసినవాళ్లు ఈనాటికీ మర్చిపోరు. ఇలాంటి షాట్‌కి సూత్రం చిన్నదే. నేలని కాస్త ఎత్తుగా కట్టి, నటి కాళ్లు కిందికి కనబడకుండా దింపి, చీర అంచు కింద నుంచి బొమ్మ కాళ్లు ముందుకి చాపుతారు. అతుకుని చీర కుచ్చిళ్లు కప్పేస్తాయి. మంటని కాళ్లకి కాస్త ఎడంగా పెట్టినా, ఎదుటి నుంచి చూసే కెమెరాకి ఆ ఎడం తెలీదు. అస్థిపంజరాల నాట్యానిదీ అంతే. నల్ల తొడుగు మీద తెల్లగా ఎముకలు గీసి, నల్ల తెర ముందు ఆడిస్తే ఎముకలే కనబడతాయి. ఆ ఫిల్మునే వెనక్కి చుట్టి, దానిమీదే అడవి సీను తీస్తే దయ్యం అడవిలోకి వచ్చేస్తుంది. కెమెరామెన్‌కి లెక్క తప్పితే రెండు షాట్లూ పాడైనట్టే. ‘మాయాబజార్’ (1957)లో కెమెరామెన్ మార్కస్ బార్ట్‌లీ చూపించిన మాయల్లో చాలా ఇలాంటి లెక్కల మీద నిలబడ్డవే.

విఠలాచార్య పొదుపరి. ఒక సినిమా సెట్టుని తిప్పి ఇంకో సినిమాకి వాడుకునేవారు. డేట్లివ్వని నటుడి పాత్రని శాపం పెట్టి ఏ మేకగానో చిలకగానో మార్చేసేవారని పరిశ్రమలో ఇప్పటికీ నవ్వుకుంటూ చెప్పుకుంటారు. ఆ పొదుపే మన నష్టానికి సగం కారణమని నా అనుమానం. రంగు మార్చి మళ్లీ మళ్లీ వాడిన వస్తువుకి ఫలానా సినిమాది అనే గుర్తింపు నిలవదు. ప్రాపర్టీ వాళ్ల దృష్టిలో అది రేపటి సినిమాకి పనికొచ్చే సరుకు మాత్రమే.

మేకప్ సంగతి ఇంకా కష్టం. ‘పున్నమి నాగు’ (1980)లో చిరంజీవి ఒంటి మీద చర్మం పొరలు పొరలుగా లేచొచ్చే దృశ్యం గుర్తుందా? అలాంటి పని పాత పద్ధతిలో చేయాలంటే పలచటి రబ్బరు పాలు పూసి, ఆరాక దూదో టిష్యూ కాగితమో అంటించి, మళ్లీ పూసి, పైన రంగు వేసి, షాట్‌లో అంచు పట్టి లాగాలి. లాగితే అది ఇక లేదు. రెండో టేకు కావాలంటే మొదటి నుంచీ పూయాల్సిందే. దాచుకోడానికి ఏం మిగులుతుంది?

ముఖానికి అతికే పూర్తి తొడుగుదైతే పెద్ద తతంగం. పళ్ల డాక్టర్లు అచ్చు తీయడానికి వాడే ఆల్జినేట్‌ని నటుడి ముఖానికి పట్టించి, ముక్కు రంధ్రాలు వదిలి, పైన ప్లాస్టర్ పట్టీలు వేస్తారు. ఆ అచ్చులో ప్లాస్టర్ పోస్తే ముఖం దిగుతుంది. దానిమీద బంకమన్నుతో దయ్యాన్ని మలుస్తారు. మలిచినదానికి మళ్లీ ఇంకో అచ్చు. మన్ను గీకేస్తే ప్లాస్టర్ ముఖానికీ ఈ అచ్చుకీ మధ్య దయ్యమంత సందు మిగులుతుంది. గుడ్డుసొన గిలక్కొట్టినట్టు నురగ తెప్పించిన రబ్బరు పాలని ఆ సందులో నింపి, ఓవెన్లో సన్నటి వేడి మీద గంటల తరబడి ఉంచుతారు. బయటికొచ్చిన ముక్క మధ్యలో మందంగా, అంచుల్లో ఉల్లిపొర కన్నా పలచగా ఉంటుంది. ఆ అంచే పనివాడి సంతకం. ముఖం మీద చర్మం ఎక్కడ ఆగిందో, రబ్బరు ఎక్కడ మొదలైందో కనిపెట్టలేకపోతే పని కుదిరినట్టు. సాయంత్రం, అతికించిన స్పిరిట్ గమ్ కరిగించి ఊడదీసేటప్పుడు ఆ అంచు చిరుగుతుంది. మర్నాటి షూటింగ్‌కి అచ్చులోంచి కొత్తది తీయాలి. అందుకే తెలిసిన కలెక్టర్లు వాడిన ముక్క కోసం ఎంత వెతుకుతారో, అచ్చు కోసమూ అంతే వెతుకుతారు.

అసలు, నకలు తేల్చడం ఇందులో పెద్ద విద్య. క్లోజప్ కోసం చేసినది వేరు, ఫైట్లో విసిరేయడానికి చేసిన మెత్తటిది వేరు, దూరంలో నిలబెట్టేది వేరు. మూడూ ఆ సినిమావే, విలువ మాత్రం ఒకటి కాదు. అమ్మేవాడిచ్చే సర్టిఫికెట్‌ని పెద్దగా నమ్మక్కర్లేదు. సినిమాని ఒక్కో ఫ్రేమూ ఆపి, పుర్రె మీద నెర్రె, కొమ్ము మీద గాలి బుడగ గుంట, రంగు కారిన చార పక్కపక్కన పెట్టి పోల్చాలి. చేత్తో చేసినవి రెండు ఒకేలా ఉండవు కాబట్టి ఆ లోపాలే సాక్ష్యం చెబుతాయి. అదే అచ్చులో తర్వాత పోసిన నకళ్లు ఇక్కడే దొరికిపోతాయి. గుంట అచ్చుది కాబట్టి కలుస్తుంది, రంగు చార మాత్రం కలవదు.

దొరికినా నిలబెట్టడం తేలిక కాదు. నురగ రబ్బరుకి ఎండ, వేడి, నూనె, గాలి అన్నీ శత్రువులే. ముందు గట్టిపడుతుంది, తర్వాత వేలు తగిలితే పొడి రాలుతుంది. రాగి తీగ ఆనినా చెడుతుంది. మే నెలలో ఒక్కోసారి 42 డిగ్రీలు దాటే మన ఊళ్లో, ఉప్పుగూడ రేకుల ఇళ్ల అటక మీద, ఏ రబ్బరు దయ్యమూ ఎక్కువ కాలం బతకదు. సిలికాన్ ఇంత త్వరగా చెడదు కానీ, కాలం గడిచేకొద్దీ కొన్ని రకాలు జిడ్డు కారతాయి. ఫైబర్‌గ్లాస్, ప్లాస్టర్ మొండివి.

‘అమ్మోరు’ (1995) నాటికి తెలుగు తెర మీదికి గ్రాఫిక్స్ గట్టిగానే దిగాయి. నాకు వాటి మీద కోపం లేదు. కానీ ‘అరుంధతి’ (2009)లో పశుపతి పేరు చెప్పగానే కళ్ల ముందుకొచ్చేది గ్రాఫిక్స్ కాదు. ఆ కుళ్లిన ముఖం, ఆ జుట్టు. సోనూ సూద్ నటనతో పాటు మేకప్ వాళ్ల చేతి పని కూడా అందులో ఉంది. అలాంటి పనివాళ్ల పేర్లు టైటిల్స్‌లో పరుగెత్తిపోతాయి. వాళ్లు చేసిన వస్తువు కూడా పోతే, వాళ్ల పనితనానికి వేరే రుజువు లేదు. 1964లో పుణెలో పెట్టిన జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ సినిమాలని, పోస్టర్లని, స్టిల్స్‌ని భద్రం చేస్తోంది. రబ్బరు చేతులు, ప్లాస్టర్ పుర్రెలు భద్రం చేసేదెవరు?

సేకరణ మన ఊరికి కొత్త పిచ్చేమీ కాదు. ఉప్పుగూడకి దగ్గర్లోనే, మూసీ ఒడ్డున, మూడో సాలార్‌జంగ్ పోగేసిన వస్తువులతో 1951లో తెరిచిన మ్యూజియం ఉంది. అచ్చు పోయడం తెలిసిన చేతులకీ కొరత లేదు. ధూల్‌పేటలో వినాయకుడి బొమ్మలు చేసేవాళ్లకి అది వెన్నతో పెట్టిన విద్య. విరిగిన పుర్రెని అతకాలన్నా, చెదిరిన రంగు సరిచేయాలన్నా లండన్ దాకా పోనక్కర్లేదు.

కాబట్టి పాత మేకప్‌మెన్, ఆర్ట్ అసిస్టెంట్ల ఇళ్లలో పుట్టినవాళ్లకి, ఈ వ్యాసం చదివే మిగతావాళ్లకి ఒక మాట. ఇంట్లో పాత ట్రంకుపెట్టె ఉంటే తెరిచి చూడండి. కోరలు, విగ్గు, ప్లాస్టర్ అచ్చు, ఏది దొరికినా తుక్కువాడికి వేయకండి, కడగకండి, కొత్త రంగు పూయకండి. మాస్కుని మడవకుండా, లోపల తెల్లటి నూలుగుడ్డ కుక్కి ఆకారం నిలబెట్టి, ఎండ తగలని గదిలో పెట్టండి. ఏ సినిమా, ఏ ఏడాది, ఎవరు చేశారు అన్న మూడు ముక్కలు కాగితం మీద రాసి దానితోపాటు ఉంచండి. ఆ సంగతి తెలిసిన పెద్దవాళ్లు ఇంట్లో ఇంకా ఉంటే, ఈ ఆదివారమే కూర్చుని అడగండి.